పాటగాడు కూర్చునే చోటు

ఆ దుకాణంలో ట్యూనింగ్ అనే మాట ఎవరూ వాడరు. కూర్చోబెట్టడం అంటారు. కారులో స్పీకర్లు బిగించి, వైర్లు లాగి, తలుపుల లోపల మందపాటి షీటు అంటించాక మిగిలే ఆఖరి పని పాటగాడిని కూర్చోబెట్టడం. డ్రైవరు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకుంటే, పాడే మనిషి డ్యాష్‌బోర్డు మధ్యలో, సరిగ్గా మన కళ్ళ ఎత్తున ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు ఉండాలి. అలా ఉంటే కూర్చున్నాడన్నమాట. “మీవాడు కూర్చున్నాడా?” “ఎక్కడ, ఇంకా తలుపు దగ్గరే తచ్చాడుతున్నాడు” అని లోపల మాట్లాడుకుంటుంటే, కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో మొహమాటస్తుడైన చుట్టం వచ్చాడనుకుంటారు.

కూర్చోబెట్టడంలో ఆ దుకాణం యజమానికి పేరుంది. పాముచెవుల మేస్త్రి అంటారు. ఆ పేరు పెట్టింది పక్క దుకాణంలో కారు సీట్లు కుట్టే ఆయన. ఒకరోజు ఆయన చేతిలోంచి కత్తెర జారి కిందపడితే, గోడ అవతల నుంచి మేస్త్రి, “చిన్న కత్తెరేగా? మొన విరిగింది, చూసుకో” అని కేకేశాడు. మొన నిజంగానే విరిగింది. ఆ తర్వాత సీట్లాయన కనిపించిన ప్రతివాడికీ ఈ కథ చెప్పాడు, చెప్పిన ప్రతిసారీ గోడ మందం కొంచెం పెంచాడు. మేస్త్రి ఒక్కసారి కూడా కాదనలేదు.

నిజానికి పాట వినడానికి కారు అంత దిక్కుమాలిన గది ఇంకోటి ఉండదు. వినేవాడు మధ్యలో కూర్చోడు, కుడి పక్కన స్టీరింగు ముందు కూర్చుంటాడు. కుడి స్పీకరు అతని మోకాలి పక్కనే ఉంటుంది, ఎడమది అవతలి తలుపులో ఎక్కడో ఉంటుంది. దగ్గరున్నది ముందే వాగేస్తుంది, దూరంగా ఉన్నది తర్వాత అందుకుంటుంది. అందుకని కుడిదాన్ని రెప్పపాటులో నూరోవంతు సేపు ఆపి పలికించాలి. ఇది చాలదన్నట్టు చుట్టూ అద్దాలు. అద్దం చాడీలకోరు, విన్నమాట దాని కడుపులో దాగదు, వెంటనే తిప్పి అప్పజెప్పేస్తుంది. సన్నని స్వరాలు పలికే ట్వీటర్లు ముందు అద్దానికి రెండు పక్కలా ఉన్న పిల్లర్ల మీద ఉంటాయి. వాటి మొహం పొరపాటున పక్క అద్దం వైపు తిరిగిందా, పాట ఒకసారి నేరుగానూ, ఇంకోసారి అద్దం మీద పడీ వెంటవెంటనే చెవికి చేరుతుంది. అప్పుడు పాటగాడి నోరు రెండుగా చీలినట్టు ఉంటుంది. మేస్త్రి ట్వీటరును గోరంత తిప్పి, విని, మళ్ళీ గోరంత తిప్పి ఆ నోటిని ఒకటి చేసేవాడు.

అలాంటి మేస్త్రికి కుడి చెవి వినపడటం లేదు. నేను ఇంత తేలిగ్గా అనేశాను గానీ, ఈ మాటను ఆయన మనసులోనైనా చివరిదాకా అనుకున్నవాడు కాదు. ‘కుడి చెవి కాస్త...’ అనుకునేవాడు, అక్కడితో ఆపి వేరే పని చూసుకునేవాడు.

మొదట ఫోను ఎడమ చెవికి మారింది. కుడి చేత్తో పని చేసుకోవచ్చు కదా అని సర్దిచెప్పుకున్నాడు. తర్వాత కొళాయి సన్నగా కారుతుంటే వినపడలేదు. జలుబు అనుకున్నాడు. తర్వాత ఇంట్లో భార్య అడిగినవాటికి జవాబు చెప్పకపోవడం ఎక్కువైంది. ఆవిడ లైబ్రరీలో పనిచేస్తుంది. “నీ లైబ్రరీ గొంతుతో గుసగుసలాడితే ఎవడికి వినపడుతుంది?” అని ఎదురు కసిరాడు. రోజూ స్నానాలగదిలో తలుపు గడియ వేసుకుని బొటనవేలూ చూపుడువేలూ చెవి పక్కన రుద్ది చూసుకునేవాడు. ఎడమ పక్క సర్రుమని వినపడేది. కుడి పక్క వేళ్ళు కదులుతున్నట్టు తెలిసేది, అంతే. ఇంకాస్త గట్టిగా రుద్దేవాడు. చర్మం ఎర్రబడేది గానీ చప్పుడు వచ్చేది కాదు.

చెవిలో వేసుకునే చుక్కల మందు తెచ్చి దుకాణంలో మరమేకుల డబ్బా అడుగున దాచాడు. దాన్ని వేసుకునేటప్పుడు మనిషి చూస్తే పాపం అనిపించేలా ఉండేవాడు. ఎవరైనా వస్తే తల ఎత్తితే మందు కారిపోతుంది, వాల్చి ఉంచితే ఎందుకో చెప్పాలి. ఒకసారి సీట్లాయన అలా తల పక్కకి వాల్చుకుని కూర్చున్న మేస్త్రిని చూసి, “ఏమిటయ్యా, కొత్త కారు లోపల చీమ నడిస్తే వింటున్నావా?” అన్నాడు. మేస్త్రి నవ్వాడు.

భయం ఏమిటంటే ఇదీ. నోటికి రుచి పోయిన వంటవాడిని ఎవరు పిలుస్తారు? ఊళ్ళో స్పీకర్లు బిగించేవాళ్ళు కొదవా? ఎవడైనా బిగిస్తాడు. తన దగ్గరికి వచ్చేది చెవి కోసం. ఆ చెవి కాస్తా లేదంటే తను మరలు తిప్పే మనిషి, అంతకంటే ఏమీ కాడు. ఈ సంగతి ఎవరికీ తెలియలేదు, అదొక్కటే ధైర్యం. వెళ్ళిన కార్లు ఒక్కటీ తిరిగి రాలేదు. కస్టమర్లందరూ సంతోషంగానే ఉన్నారు. అంటే చెవి ఎలా ఉన్నా పని బాగానే సాగుతోందన్నమాట. రాత్రి పడుకునే ముందు మేస్త్రి ఈ మాట ఒకటికి రెండుసార్లు చెప్పుకుని పడుకునేవాడు.

దుకాణంలో రెండో మనిషి బావమరిది, మేస్త్రి భార్యకి స్వయానా తమ్ముడు. నలభై దాటినవాడు, ఇద్దరు పిల్లల తండ్రి, వైర్ల పనిలో దిట్ట. ఏడాది కిందట కొలతలు తీసే మైకు ఒకటి కొన్నాడు. డ్రైవరు తల ఉండేచోట దాన్ని నిలబెడితే లాప్‌టాప్ తెర మీద గీతలు వస్తాయి. మేస్త్రి ఆ గీతల్ని చూసి, “నీ మైకుకి చెవి ఉందిరా, వినడం రాదు” అని ఎగతాళి చేసేవాడు. “నాకెందుకు బావా, నువ్వున్నావుగా” అని బావమరిది మైకును పెట్టెలో పెట్టేసేవాడు. ఇంకో మంచి గుణం కూడా ఉంది అతనిలో. కారు పూర్తయి మేస్త్రి సీట్లోంచి దిగగానే, “బావా, అక్క ఎదురుచూస్తుంటుంది. ముందు వెళ్ళి భోంచేసిరా, కస్టమరు వస్తే నేను చూసుకుంటా” అనేవాడు. ఒకసారీ రెండుసార్లూ కాదు, ప్రతి కారుకీ అనేవాడు. ఇలాంటి బావమరిది దొరకడం అదృష్టమని మేస్త్రి నలుగురిలో చెప్పుకునేవాడు.

ఆ బావమరిది అత్తగారిని కొత్త ఇంట్లోకి మార్చడానికి వారం రోజులు వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళేముందు సంచి భుజాన వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

“బావా, ఆ బూడిదరంగు కారు నేనొచ్చేదాకా ఇవ్వకు.”

“ఎందుకు?”

“ఊరికే. వైర్లు ఇంకోసారి చూద్దామని.”

“లాగింది నువ్వేగా! నీ మీద నీకే నమ్మకం లేదా?”

బావమరిది ఏదో అనబోయి సంచి పట్టీ సర్దుకున్నాడు. “తొందరేముంది అంటున్నా, అంతే” అని వెళ్ళిపోయాడు.

తొందర ఉంది. ఆ కారు పళ్ళ డాక్టరమ్మది. “రోజంతా డ్రిల్లు గొంతే వింటాను మేస్త్రిగారూ, ఇంటికెళ్ళే దారిలోనైనా మనిషి గొంతు వినాలి” అని మరీ చేయించుకుంటోంది. మర్నాడు మేస్త్రి సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. పాటగాడు మొదట ఎడమకి జరిగి ఉన్నాడు. కుడి పక్క గొంతు పెంచాడు. కుడి ట్వీటరు కూడా మసకగా పలుకుతున్నట్టు అనిపించి దాని మొహం తన వైపు తిప్పాడు. ఇంకాస్త పెంచాడు. పాటగాడు వచ్చి మధ్యలో కూర్చున్నాడు. మేస్త్రికి కళ్ళు చెమర్చాయి. ఇంత బాగా కూర్చోబెట్టగలిగినవాడికి చెవిలో లోపమేమిటి, అనుకున్నాడు. ఆ సాయంత్రమే కారు ఇచ్చేశాడు.

రెండు రోజులు తిరక్కుండా ఆ కారు మళ్ళీ దుకాణం ముందు ఆగింది. తిరిగి వచ్చిన కారును చూడగానే మేస్త్రి పని వదిలేసి బయటికి వచ్చాడు. డాక్టరమ్మ మాత్రం నవ్వుతూనే దిగింది.

“మేస్త్రిగారూ, మీ పాటగాడు కూర్చోలేదండీ. నా కుడి చెవి పక్కన నిలబడి రహస్యాలు చెప్తున్నాడు.”

“అలా ఉండదే! మీరొకసారి కూర్చుని, కళ్ళు మూసుకుని చూపించండి.”

ఆవిడ కూర్చుని కళ్ళు మూసుకుంది. మేస్త్రి పాట పెట్టాడు. ఆవిడ చూపుడువేలు లేచి, మధ్యలో ఎక్కడా ఆగకుండా, నేరుగా కుడి తలుపు బయట ఉన్న చిన్న అద్దం మీదికి వెళ్ళి ఆగింది. “ఇక్కడ. ఒక్కోసారి ఇద్దరున్నట్టు కూడా ఉంటోంది” అంది.

మేస్త్రి ఆవిడని దిగమని తను కూర్చున్నాడు. అదే సీటు, అదే పాట. పాటగాడు డ్యాష్‌బోర్డు మధ్యలో బాసింపట్టు వేసుకుని హాయిగా పాడుతున్నాడు.

“అద్దం అమ్మా,” అన్నాడు. తన నోటికి అబద్ధం ఇంత సాఫీగా వస్తుందని ఆయనకే తెలియదు. “ఈ కొత్త కార్ల అద్దానికి వంపు వేరుగా ఉంటుంది. కారు ఉంచండి, రేపటికి సరిచేస్తాను.”

“దానికేం, తొందర లేదు. అయినా ఈసారి మీ బావమరిది చూడలేదు కదా! మా తమ్ముడి కారప్పుడు మీరు భోజనానికి వెళ్ళాక ఆయన ఆ మైకు పెట్టుకుని మళ్ళీ అంతా సరిచేశాకే తాళం ఇచ్చాడట. ఇద్దరూ చూస్తే గానీ బండి బయటికి పంపరని మావాడు అందరికీ చెప్తుంటాడు.”

ఆవిడ మెచ్చుకోలుగానే అంది. చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయింది. మేస్త్రి తలుపు వేసుకుని ఆ కారులోనే ఉండిపోయాడు.

‘ముందు వెళ్ళి భోంచేసిరా బావా.’ ఎన్ని కార్లకి అన్నాడో! ఒక్కొక్కటిగా అన్నీ గుర్తుకొస్తున్నాయి. తెల్ల వ్యాను, స్కూలు మాస్టారి చిన్న కారు, కొత్తజంట తెచ్చిన ఎర్ర కారు. కడుపునిండా తిని తిరిగి వచ్చేసరికి కస్టమర్లు ఎగిరి గంతేస్తూ చేతులు కలిపేవారు. తను ఎంతో వినయంగా, “అంతా చెవి చలవ” అనేవాడు. ఎవరి చెవి చలవో ఇప్పుడు తెలిసింది.

పాట ఇంకా మోగుతూనే ఉంది. మేస్త్రి కుడి చేతి చూపుడువేలు ఎత్తి కుడి చెవిలో గట్టిగా పెట్టుకున్నాడు. పాటలో ఏమీ మారలేదు. వేలు తీశాడు. ఏమీ మారలేదు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ తీశాడు. పాటగాడు మధ్యలో కూర్చుని, ఇదంతా తనకి పట్టనట్టు పాడుకుంటూ పోయాడు. ఉన్నది ఒక్క చెవి. ఒంటిచెవికి కుడీ ఎడమా ఎక్కడివి? ఇంతకాలం తను ఎదురుగా చూసిన మనిషి అలవాటు కొద్దీ తన బుర్ర కూర్చోబెట్టుకున్నవాడు.

ఇంటికి ఎలా నడిచాడో తెలియదు. భార్య అన్నం వడ్డిస్తోంది. ఆవిడ కుర్చీ ఎప్పుడూ ఆయనకి ఎడమ పక్కన ఉంటుంది. ఎప్పుడూ ఉంటుందా? పోయినేడాది దాకా కుడి పక్కన ఉండేది. మేస్త్రి ముద్ద నోట్లో పెట్టుకోకుండా ఆలోచించాడు. మంచం మీద కూడా అంతే. ఫ్యాను గాలి పడటం లేదని పక్క మార్చుకుంది. వీధిలో నడిచేటప్పుడు బళ్ళ వైపు తను నడుస్తానని ఎడమకి వచ్చేది.

“నీకెప్పటి నుంచి తెలుసు?” అన్నాడు.

ఆవిడ గరిటె గిన్నెలో పెట్టింది. ఏది అని అడగలేదు.

“ఏడాది దాటిందండీ.”

“మీ తమ్ముడికి?”

“నేనే చెప్పాను.”

“ఓహో! అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నా చెవిలో పువ్వు పెట్టారన్నమాట!”

“పెడితే తెలియాల్సింది కదా, ఏ చెవిలో పెట్టామో!” అనేసి, అన్నందుకు ఆవిడే నొచ్చుకుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మేస్త్రికి నవ్వు రాలేదు. ఏడుపు వచ్చింది, దాన్ని కోపంగా మార్చుకున్నాడు.

“ఒక్కమాట చెప్తే ఏం పోయేది?”

“ఎన్నిసార్లు చెప్పాను! డాక్టరు దగ్గరికి వెళ్దామని మంచిగా చెప్పాను, బతిమాలి చెప్పాను. మీరు పెడచెవిన పెట్టారు.”

“నాకు వినపడలేదు.”

“కుడి పక్కనుంచి చెప్పానేమో మరి” అంది ఆవిడ. ఈసారి ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “గట్టిగా చెప్తే దుకాణం మూసేసి ముసుగు తన్ని పడుకుంటారని భయపడ్డాను. మీకు ఆ పని తప్ప ఇంకేముంది? వాడే అన్నాడు, బావకి తెలియకుండా సర్దుతాలే అక్కా, ఆయన్ని చిన్నబుచ్చొద్దు అని.”

మేస్త్రి అన్నం ముందు నుంచి లేచాడు. చిన్నబోవడం అంటే ఏమిటో ఆయనకి ఆ పూట తెలిసినంతగా ఎప్పుడూ తెలియలేదు. ఏడాదిపాటు తన పేరు మీద ఇంకొకరు పని చేశారు, తను భోజనం చేశాడు. వాళ్ళు ప్రేమ కొద్దీ చేశారని తెలుస్తూనే ఉంది. అయినా అవమానం అవమానమే, ప్రేమ కలిసినంత మాత్రాన తగ్గలేదు.

పొద్దున్నే దుకాణం తెరిచి కారు ముందు నిలబడ్డాడు గానీ తలుపు తీయడానికి చెయ్యి రాలేదు. బావమరిది రావడానికి ఇంకా రోజులున్నాయి. ఫోను చేసి రమ్మనొచ్చు. ఏమని రమ్మనాలి? వాడి మైకు తీసి వాడుకోవచ్చు. ఆ లాప్‌టాప్ గీతలు చదవడం రాదు, ఎగతాళి చేయడమే వచ్చు. సాయంత్రానికి డాక్టరమ్మ వస్తుంది. వేలెత్తి మళ్ళీ ఆ తలుపు అద్దాన్నే చూపిస్తే? ఈసారి ఏ అబద్ధం చెప్పాలి? అలా ఎంతసేపు నిలబడ్డాడో, వెనక చెప్పుల చప్పుడు అయితే ఉలిక్కిపడ్డాడు. భార్య వచ్చి ఎడమ పక్కన నిలబడింది. లైబ్రరీకి సెలవు పెట్టిందట.

“రాత్రి ఏమీ తినలేదు మీరు” అని డబ్బా బల్ల మీద పెట్టింది.

మేస్త్రి ఆవిడ వైపు చాలాసేపు చూశాడు. తర్వాత డ్రైవరు తలుపు తీశాడు. “కూర్చో” అన్నాడు.

“నేనా? నాకు కారు నడపడం రాదు కదా!”

“నడపక్కర్లేదు. కళ్ళు మూసుకుని, పాడేవాడు ఎక్కడున్నాడో వేలితో చూపించు. చాలు.”

ఇన్నేళ్ళలో ఆవిడ ఆ దుకాణంలోని ఏ కారులోనూ ఆ సీట్లో కూర్చోలేదు. ఎత్తు సరిపోవడానికి సీటు కాస్త పైకి లేపాడు. ఆవిడ పరీక్షకి వచ్చినదానిలా వీపు నిటారుగా పెట్టి, కళ్ళు బిగించి మూసుకుంది. పాట మొదలైంది. ఆవిడ వేలు తలుపు అద్దం మీదికి వెళ్ళింది. మేస్త్రి కుడి పక్క గొంతు తగ్గించాడు. వేలు కొంచెం జరిగింది. ఇంకా తగ్గించాడు.

“ఇప్పుడు స్టీరింగు మీదికి వచ్చాడు,” అంది. “అయ్యో, ఇద్దరయ్యారు.”

“ఇద్దరా? రెండోవాడెక్కడ?”

“ఈ కిటికీలో. సన్నగా, జిల్లుమంటూ.”

మేస్త్రి ఆవిడ భుజం పక్కనుంచి తల దూర్చి, ఆవిడ కళ్ళున్న ఎత్తు నుంచి కిటికీ అద్దంలోకి చూశాడు. అద్దంలో ట్వీటరు బొమ్మ కనిపించింది. గుండ్రటి వెండిమొహం వేసుకుని నేరుగా డ్రైవరు చెవిలోకే చూస్తోంది. ట్వీటరు అద్దంలో ఏ చోట కనిపిస్తుందో, పాట ఆ చోట పడే తిరిగి వస్తుంది. పని నేర్చుకునే రోజుల్లో ఇలాగే కంటితో చూసి తిప్పేవాడు. చెవి మీద ధీమా పెరిగాక కన్ను వాడటం మానేశాడు. తన వైపు తిప్పిన ట్వీటరును వెనక్కి, అవతలి సీటు తలదిండు వైపు తిప్పాడు. అద్దంలో దాని మొహం పోయి పక్క అంచు మాత్రం కనిపించింది.

“పోయాడు. రెండోవాడు పోయాడండీ!”

తర్వాత చాలాసేపు పట్టింది. వేలు ఒకసారి గేరు కర్ర మీదికి దిగింది, ఒకసారి అవతలి తలుపు దాకా పోయింది. “కుదురు లేనివాడండీ వీడు” అని ఆవిడ విసుక్కుంది. మేస్త్రి ఆ వేలినే చూస్తూ, కుడిదాన్ని కాస్త ఆపుతూ, ఎడమదాన్ని కాస్త పెంచుతూ పోయాడు. చివరికి వేలు డ్యాష్‌బోర్డు మధ్యకి వచ్చి, కొంచెం లేచి, కదలకుండా ఆగింది. ఆవిడ పాట అయిపోయాక కూడా కళ్ళు తెరవలేదు.

“ఎలా ఉంది?” అన్నాడు మేస్త్రి.

“ఎదురుగా ఉన్నాడు. చెయ్యి చాస్తే తగిలేలా.” ఆవిడ కళ్ళు తెరిచి ఖాళీ డ్యాష్‌బోర్డు వైపు చూసింది. “మీరు ఇన్నేళ్ళూ చేసింది ఇదా?”

మేస్త్రి అవునన్నట్టు తల ఊపాడు. ఆవిడకి దొరికింది తనకి ఇక దొరకదన్న సంగతి అప్పుడు బాగా తెలిసింది. మరలు సర్దే నెపంతో బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు.

సాయంత్రం డాక్టరమ్మ వచ్చి కూర్చుంది. మేస్త్రి కారు బయట నిలబడి, ఆవిడ వేలు లేచేదాకా ఊపిరి పీల్చలేదు. వేలు లేచింది, కిటికీ వైపు కొంచెం వెళ్ళినట్టే వెళ్ళింది. ఆవిడ నుదుటి మీది జుట్టు వెనక్కి తోసుకోవడానికి చెయ్యెత్తింది, అంతే. తర్వాత ఎదురుగా మధ్యలోకి చూపించి, “కూర్చున్నాడండీ,” అంది. “అద్దం వంపేనా మరి?”

అవునంటే సరిపోయేది. “నా వల్లే జరిగిందమ్మా” అన్నాడు మేస్త్రి. ఇంకా ఒక మాట ఉంది, అది నాలుక చివరి దాకా వచ్చి ఆగిపోయింది.

చెవి డాక్టరు దగ్గరికి మర్నాడే వెళ్ళారు. గాజు గదిలో కూర్చోబెట్టి, కూత వినపడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. కుడి చెవి వంతు వచ్చినప్పుడు మేస్త్రి పక్కవాడి పేపరులో చూసి రాసే పిల్లాడిలా, నర్సు చెయ్యి కదిలినప్పుడల్లా నొక్కాడు. ఆవిడ లేచి అటు తిరిగి కూర్చుంది. నరం దెబ్బతిందనీ, పోయింది తిరిగి రాదనీ, ఎడమదాన్ని జాగ్రత్తగా చూసుకోమనీ డాక్టరు చెప్పాడు. ఆ జాగ్రత్త అనే మాట మేస్త్రిని కాల్చుకుతింటోంది. ఇప్పుడు ఆయన స్నానాలగదిలో ఎడమ చెవి పక్కనే వేళ్ళు రుద్ది చూసుకుంటున్నాడు. వినపడుతున్నా నమ్మకం కుదరక ఇంకోసారి రుద్దుతాడు. బజారులో హారను మోగితే చంటిపిల్లకి అడ్డుపెట్టినట్టు ఆ చెవికి చెయ్యి అడ్డుపెడతాడు.

బావమరిది తిరిగి వచ్చాడు. బూడిదరంగు కారు కనపడకపోయేసరికి మొహం పాలిపోయింది గానీ ఏమీ అడగలేదు. మేస్త్రీ చెప్పలేదు. ఇంట్లో అక్క చెప్పిందో లేదో తెలియదు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తర్వాతి కారు పనిలో పడ్డారు. స్పీకర్లు బిగించడం అయింది, వైర్లు అయ్యాయి. కూర్చోబెట్టే వేళ అయింది. మేస్త్రి కళ్ళు సీటు మీదే ఉన్నాయి, కాళ్ళు కదలడం లేదు. బావమరిది అలవాటు ప్రకారం గుడ్డతో చేతులు తుడుచుకుంటూ దూరంగా జరిగాడు. మేస్త్రి కూర్చుని, లేచి, దిగుతాడనీ, తర్వాత తను అనాల్సిన మాట ఒకటుందనీ ఎదురుచూస్తున్నాడు. ఆ మాట కోసం అతని పెదవులు అప్పుడే సిద్ధంగా ఉన్నాయి.

మేస్త్రి డ్రైవరు తలుపు తీసి పట్టుకున్నాడు.

“నువ్వు కూర్చో.”

“నేనా? నువ్వుండగా నేనెందుకు బావా?”

“కూర్చోరా.”

బావమరిది భయపడుతూ కూర్చున్నాడు. మేస్త్రి అవతల నుంచి వచ్చి పక్క సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. ఇద్దరి మధ్యా ఇప్పుడు మేస్త్రి కుడి చెవి ఉంది. పాట మొదలైంది. బావమరిది కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి అతని పెదవులు కదిలాయి. ఏదో చెప్తున్నాడు, చెప్తూనే ఉన్నాడు. కంటి చివర నుంచి నీళ్ళు కూడా జారాయి. క్షమించమంటున్నాడో, పాటగాడు తలుపు దగ్గరున్నాడని చెప్తున్నాడో మేస్త్రికి తెలియలేదు. తను చెప్పాల్సింది ఒకటుంది. ఇంతకాలం స్నానాలగదిలో ఒంటరిగా కూడా పూర్తిచేయని వాక్యం అది. ఇప్పుడు అనకపోతే ఇక భోజనానికి వెళ్ళడమే.

“నోటితో కాదురా, వేలితో చూపించు” అన్నాడు మేస్త్రి. “ఆ చెవి నాకు వినపడదు.”

బావమరిది నోరు ఆగిపోయింది. కళ్ళు మూసుకునే వేలు పైకెత్తాడు. మేస్త్రి ఆ వేలు ఎటు చూపిస్తోందో ముందుకి వంగి చూసి, కుడి పక్క గొంతు కాస్త తగ్గించాడు.